ఒంట్లో ఆవిర్లు – నోటుపుస్తకంలో లెక్క



పగలంతా పనికి వెళ్లి వచ్చారు. వంట చేశారు. పిల్లలకు పెట్టారు. కళ్లు మూతలు పడుతున్నా పలక, పుస్తకం పట్టుకుని రాత్రి బడికి వచ్చారు. 

ఈ రాత్రి చెప్పుకునేది ఆడవాళ్ల ఒంటికి సంబంధించిన మాట. చాలా ఇళ్లల్లో ఈ మాట పైకి రాదు. తల్లి కూతురికి చెప్పదు. అత్త కోడలికి చెప్పదు. చెప్పకపోవడం వల్ల భయం పెరుగుతుంది. భయం వల్ల డబ్బు పోతుంది. ఒక్కోసారి ఒంట్లో భాగమే పోతుంది. అందుకే ముందు ఒక కథ వినండి.

మిరప చేలో సెగ

గుంటూరు వైపు ఒక ఊరు. ఆ ఊళ్లో ఒక తల్లి. వయసు 47 ఏళ్లు. కొడుక్కి పెళ్లయింది. ఇంట్లో కోడలు ఉంది. ఆ తల్లి మిరప కోతలకు వెళ్తుంది. ఊళ్లో అందరూ ఆమెను పెద్దమ్మ అంటారు. ఇక్కడా అలాగే అందాం.

మాఘమాసం. పొద్దున్న పూట. ఎండ ఇంకా ముదరలేదు. పెద్దమ్మ వంగి కాయ కోస్తోంది. ఉన్నట్టుండి గుండెల్లోంచి ఒక సెగ లేచింది. మెడకు ఎక్కింది. ముఖానికి ఎక్కింది. చెవులు కాలిపోయాయి. వీపు మీద చెమట ధార కట్టింది. గుండె దడదడ కొట్టుకుంది. పక్క సాలులో వాళ్లు చూస్తున్నారేమోనని సిగ్గేసింది. నాలుగు నిమిషాలు గడిచాయి. అంతా పోయింది. తడిసిన రవికెకు గాలి తగిలి చలేసింది.

ఆ రోజు మూడుసార్లు అలా వచ్చింది. రాత్రి రెండుసార్లు వచ్చింది. నిద్ర లేదు. మర్నాడు చేతులు సాగలేదు. కోసిన కాయ తగ్గింది. కూలీ తగ్గింది.

పక్కింటి ఆమె "దిష్టి తగిలింది" అంది. దిష్టి తీయించారు. ఇంకో ఆమె "వేడి చేసింది. కారం మానెయ్యి" అంది. కారం మానేసింది. అన్నం సయించలేదు. ఊళ్లో సూది వేసే ఆయన "నీరసం" అన్నాడు. రెండు సెలైన్లు ఎక్కించాడు. డబ్బు పోయింది. సెగ పోలేదు.

చివరికి టౌనుకు మనుషుల్ని తీసుకెళ్లే ఒకాయన వచ్చాడు. "నీకు ముట్లు సరిగ్గా రావడం లేదు కదా. గర్భసంచి పాడైంది. అది తీయించేస్తే ఈ సెగలన్నీ పోతాయి. లేకపోతే క్యాన్సర్ అవుతుంది" అన్నాడు. పెద్దమ్మ హడలిపోయింది. చెవి కమ్మలు తాకట్టు పెడదామంది. కొడుకు అప్పు కోసం తిరగడం మొదలుపెట్టాడు.

కోడలు మాత్రం ఒక మాట అడిగింది. "అత్తయ్యా, కంగారు పడకండి. మీ రాత్రి బడికి ఆశా కార్యకర్త వస్తుంది కదా. ముందు ఆమెను అడగండి."

పెద్దమ్మ అడిగింది. నలుగురిలో కాదు. బడి అయ్యాక, దీపం తీసేసే వేళ, వాకిట్లో నిలబడి అడిగింది.

ఇది జబ్బు కాదు

ఆశా కార్యకర్త చెప్పిన మొదటి మాట ఇది. "పెద్దమ్మా, ఇది దిష్టి కాదు. గాలి కాదు. గర్భసంచి కుళ్లడం కాదు. ముట్లు ఉడిగే వయసు వచ్చింది. అంతే."

ఆడపిల్ల ఒంట్లో గర్భసంచికి రెండు పక్కలా రెండు అండాశయాలు ఉంటాయి. అవి ఈస్ట్రోజెన్ అనే రసాన్ని తయారు చేస్తాయి. దాన్ని హార్మోను అంటారు. నలభై దాటాక ఈ హార్మోను ఒక నెల ఎక్కువ, ఒక నెల తక్కువ తయారవుతుంది. ముట్టు ముందూ వెనకా అవుతుంది. తర్వాత హార్మోను బాగా తగ్గిపోతుంది. ముట్టు ఆగిపోతుంది. వరసగా 12 నెలలు ముట్టు రాకపోతే ముట్లు ఉడిగాయని లెక్క. మన దేశంలో ఇది సగటున 46, 47 ఏళ్లకు జరుగుతుంది. కొందరికి ముందే, కొందరికి యాభై దాటాక.

మరి సెగ ఎందుకు? మంచె మీద కాపలా ఉండే మనిషిని తలుచుకోండి. పశువుల మంద చేలో పడితే కేకేస్తాడు. పిచిక వాలితే ఊరుకుంటాడు. ఒంటి వేడిని కనిపెట్టి చూసే ఒక చిన్న భాగం మెదడులో ఉంది. అది అలాంటి కాపలాదారు. హార్మోను తగ్గేసరికి ఆ కాపలాదారు బెదురుగొడ్డు అయిపోతాడు. పిచిక వాలినా కేకేస్తాడు. ఒంట్లో వేడి కాస్త పెరిగితే చాలు, "ఒళ్లు కాలిపోతోంది, చల్లార్చండి" అని ఒంటికి ఆజ్ఞ వేస్తాడు. అప్పుడు చర్మం కింది రక్తనాళాలు వెడల్పు అవుతాయి. ముఖం ఎర్రబడుతుంది. చెమట కారుతుంది. గుండె వేగంగా కొట్టుకుంటుంది. వేడి బయటికి పోగానే చలేస్తుంది. ఇవే ఆవిర్లు.

ఒక ఆవిరి సాధారణంగా ఒకటి నుంచి ఐదు నిమిషాలు ఉంటుంది. కొందరికి రోజుకు ఒకటి. కొందరికి పది. కొందరికి అసలు రావు. రాత్రి వచ్చేవి నిద్ర చెడగొడతాయి. నిద్ర చెడితే చిరాకు, మరపు, నీరసం వస్తాయి.

ఎన్నాళ్లు ఉంటాయి? అమెరికాలో వెయ్యి మందికి పైగా ఆడవాళ్లను ఏళ్ల తరబడి గమనించారు. ఆ లెక్క 2015లో అచ్చయింది. తరచుగా ఆవిర్లు వచ్చేవాళ్లలో సగం మందికి ఏడేళ్లకు పైగా ఉన్నాయి. కాబట్టి "నాలుగు రోజులు ఓర్చుకో, పోతాయి" అనడం సరికాదు. వీటితో బతకడం నేర్చుకోవాలి. నేర్చుకోవచ్చు.

ఇంకొక మాట. పిల్లలు పుట్టకుండా చేయించుకున్న ఆపరేషన్ వల్ల ఆవిర్లు రావు. ఆ ఆపరేషన్‌లో గొట్టాలను మాత్రమే మూస్తారు. అండాశయాలు అలాగే పని చేస్తాయి.

హార్మోను మందు సంగతి

తగ్గిన హార్మోనును మందు రూపంలో ఇచ్చే వైద్యం ఉంది. ఆవిర్లకు అన్నిటికన్నా బాగా పని చేసేది అదే. ఇది నిజం. కాని అది అందరికీ పడదు. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లకు, కాళ్లలో గాని ఊపిరితిత్తుల్లో గాని రక్తం గడ్డ కట్టినవాళ్లకు, పక్షవాతం వచ్చినవాళ్లకు, కాలేయం జబ్బు ఉన్నవాళ్లకు డాక్టర్లు సాధారణంగా ఇవ్వరు. కొందరు వద్దనుకుంటారు. కొందరికి దాన్ని చూసి రాసే డాక్టరు దగ్గరలో ఉండరు. ఆ మందు లేకుండా ఏం చేయవచ్చో ఇప్పుడు చెప్పుకుందాం.

నోటుపుస్తకం తెరిచింది

ఆశా కార్యకర్త పెద్దమ్మతో అంది. "రాయడం నేర్చుకున్నావు కదా. రేపటి నుంచి ఒక పేజీలో నాలుగు గళ్లు గియ్యి."

పెద్దమ్మ స్కేలు పెట్టి గీసింది. పైన ఇలా రాసింది:

తేదీ. వేళ. ముందు ఏం చేశాను. ఎంతసేపు.

మొదట్లో చేయి వంకర పోయింది. ఒత్తులు తప్పాయి. ఫరవాలేదు. 15 రోజులు రాసింది. పదహారో రోజు కోడలితో కలిసి చదువుకుంది. అప్పుడు నాలుగు సంగతులు తేలాయి.

ఒకటి. సాయంత్రం పొగలు కక్కే టీ తాగిన తర్వాత దాదాపు ప్రతిరోజూ ఆవిరి వచ్చింది.

రెండు. రాత్రి తలుపులన్నీ మూసి, సిల్కు రగ్గు కప్పుకున్న రోజున రెండు మూడుసార్లు వచ్చింది. వరండాలో నులక మంచం మీద పడుకున్న రోజున నిద్ర నయంగా ఉంది.

మూడు. అప్పు గురించి కొడుకుతో మాటా మాటా అనుకున్న రోజున ఎక్కువ బాధపడింది.

నాలుగు. కారం తిన్న రోజున ఎక్కువేమీ రాలేదు!

పెద్దమ్మ నవ్వింది. "ఊరికే నోరు కట్టుకున్నానే" అంది. ఆ రోజే పచ్చడి వేసుకుని అన్నం తింది.

కొందరికి కారం పడకపోవచ్చు. కొందరికి కాఫీ పడదు. కొందరికి కల్లు, సారా పడవు. కొందరికి ఏది తిన్నా, మానినా తేడా ఉండదు. ఫలానాది మానేస్తే అందరికీ ఆవిర్లు తగ్గుతాయని ఏ పరీక్షలోనూ తేలలేదు. అందుకే ఊరి మాట విని అన్నీ మానేయకండి. మీ లెక్క మీరే రాసుకోండి. మీ నోటుపుస్తకం ఏం చెబితే అది మానండి.

ఒంటికి హాయినిచ్చేవి

ఇప్పుడు చెప్పేవి ఆవిర్లను ఆపవు. వచ్చినప్పుడు బాధ తేలిక చేస్తాయి. ఖర్చు లేదు. హాని లేదు.

నూలు చీర, వదులు నూలు రవికె కట్టండి. చలికాలంలో ఒకే మందపాటి దుప్పటికి బదులు పల్చటివి రెండు కప్పుకోండి. ఆవిరి వస్తే ఒకటి తీసేయొచ్చు. చలేస్తే కప్పుకోవచ్చు.

తలగడ దగ్గర చెంబుతో నీళ్లు, పొడి తువ్వాలు, విసనకర్ర పెట్టుకోండి. రాత్రి లేచి వెతుక్కోవద్దు.

పనికి వెళ్లేటప్పుడు నీళ్ల సీసా, చిన్న తడిగుడ్డ తీసుకెళ్లండి. సెగ లేస్తుంటే చెట్టు నీడన కూర్చోండి. మెడ, మణికట్లు తుడుచుకోండి.

పొయ్యి దగ్గర కిటికీ ఉంటే తెరవండి. వంట పొద్దున్నే, చల్లపూట ముగించండి.

నెమ్మదిగా ఊపిరి పీల్చి వదలడం వల్ల ఆవిర్ల లెక్క తగ్గదని పరీక్షల్లో తేలింది. కాని గుండె దడకు బెదిరిపోకుండా నిలబడడానికి కొందరికి అది ఆసరా అవుతుంది. నడక, యోగా కూడా అంతే. ఆవిర్లకు అవి మందు కావు. నిద్రకు, ఎముకలకు, గుండెకు మంచివి. ముట్లు ఉడిగాక ఎముకలు పలచబడతాయి. రాగి, పాలు, పెరుగు, ఆకుకూరలు తినండి.

ఒళ్లు బాగా బరువెక్కినవాళ్లు కొంత బరువు తగ్గితే ఆవిర్లు తగ్గే అవకాశం ఉంది.

పొగాకు మానాలి. శ్రీకాకుళం, విశాఖ వైపు తీరపు పల్లెల్లో కొందరు ఆడవాళ్లు అడ్డపొగ తాగుతారు. నిప్పు నోట్లో పెట్టుకుని చుట్ట కాలుస్తారు. దాని వల్ల అంగిట్లో పుండు, క్యాన్సర్ వస్తాయని చాలామందికి తెలుసు. పొగ తాగేవాళ్లకు ముట్లు ముందే ఉడుగుతాయని, ఆవిర్లు ఎక్కువని చాలామందికి తెలియదు.

భయాన్ని తిప్పికొట్టడం

ఆవిరి వచ్చినప్పుడు రెండు జరుగుతాయి. ఒంట్లో సెగ లేస్తుంది. మనసులో ఒక మాట లేస్తుంది. "అందరూ నన్నే చూస్తున్నారు." "ఇక నా పని అయిపోయింది." "ఇది ఎప్పటికీ పోదు." ఆ మాట సెగకు గాలి విసిరినట్టు ఉంటుంది. బాధను రెట్టింపు చేస్తుంది.

ఆ మాటను మార్చుకోవడం నేర్పే వైద్యం ఒకటి ఉంది. ఇంగ్లండులో 140 మంది ఆడవాళ్లతో దాన్ని పరీక్షించారు. ఫలితాలు 2012లో వచ్చాయి. కొందరిని గుంపుగా కూర్చోబెట్టి కొన్ని వారాలు మాట్లాడించారు, నేర్పించారు. కొందరికి ఒక చిన్న పుస్తకం ఇచ్చారు. ఇంట్లో చదువుకుని చేయమన్నారు. కొందరికి ఏమీ చేయలేదు. గుంపుగా నేర్చుకున్నవాళ్లకు, పుస్తకం చదువుకున్నవాళ్లకు బాధ బాగా తగ్గింది. ఆవిర్ల లెక్క పెద్దగా తగ్గలేదు. అవి పెట్టే బాధ తగ్గింది.

అక్కలారా, ఈ మాట గుర్తుంచుకోండి. పుస్తకం చదువుకున్నవాళ్లకు కూడా గుంపులో నేర్చుకున్నవాళ్లలాగే మేలు జరిగింది. చదువు ఎందుకని అడిగేవాళ్లకు ఇది ఒక జవాబు.

ఏం నేర్పారు? సెగ లేవగానే దానితో పోట్లాడకూడదు. చేతిలో పని ఆపాలి. భుజాలు వదులు చేయాలి. నెమ్మదిగా ఊపిరి వదలాలి. "ఇది ఆవిరి. నాలుగు నిమిషాల్లో పోతుంది. నిన్నా పోయింది. ఇవాళా పోతుంది" అని మనసుకు చెప్పుకోవాలి. రాత్రి మెలకువ వస్తే గడియారం చూసి లెక్కలు వేయకూడదు. చెమట తుడుచుకుని, గుక్కెడు నీళ్లు తాగి, తలగడ తిరగేసి మళ్లీ పడుకోవాలి.

పెద్దమ్మ తన నోటుపుస్తకం అట్ట లోపల ఆ మాట పెద్ద అక్షరాలతో రాసుకుంది. "నిన్నా పోయింది. ఇవాళా పోతుంది."

డబ్బు పోగొట్టుకోకండి

సంతలో పొడులు అమ్ముతారు. వేర్లు అమ్ముతారు. "ముట్లుడిగిన ఆడవాళ్లకు దివ్యౌషధం" అంటారు. ఆవిర్లు తగ్గిస్తాయని వీటికి గట్టి రుజువు లేదు. సోయా గింజలు తింటే తప్పు లేదు. అవి మంచి ఆహారం. కాని సోయా మాత్రలకు డబ్బు పోయడం దండగ. తయారు చేసినవాళ్ల పేరు, తేదీ, అందులో ఏముందో రాయని పొడి అసలు కొనవద్దు. చదవడం వచ్చింది కదా. పొట్లం తిప్పి చదవండి. రాసి లేకపోతే తిరిగి ఇచ్చేయండి.

సెలైన్ ఎక్కించినా, బలం సూది వేసినా ఆవిర్లు పోవు.

డాక్టరు ఇచ్చే వేరే మందులు

ఆవిర్లు మరీ ఎక్కువై పని సాగకపోతే, నిద్ర లేకపోతే ఓర్చుకుంటూ కూర్చోవద్దు. హార్మోను కాని మందులు కూడా ఉన్నాయి. వెన్లాఫాక్సిన్, పారోక్సెటిన్ అనేవి దిగులుకు వాడే మందులు. గాబాపెంటిన్ మూర్ఛకు, నరాల నొప్పికి వాడే మందు. ఆక్సీబ్యుటినిన్ మూత్రం ఆపుకోలేనివాళ్లకు వాడే మందు. ఇవి ఆవిర్లను కూడా తగ్గిస్తాయని తేలింది. దిగులు మందు రాశారంటే మీకు పిచ్చి అని కాదు. భయపడవద్దు.

కాని వీటిని దుకాణంలో అడిగి కొనుక్కోవద్దు. గాబాపెంటిన్‌తో మత్తు, తల తిరుగుడు రావచ్చు. వెన్లాఫాక్సిన్‌తో బీపీ పెరగవచ్చు. ఆక్సీబ్యుటినిన్‌తో నోరు ఎండుతుంది, మలబద్ధకం వస్తుంది. రొమ్ము క్యాన్సర్‌కు టామోక్సిఫెన్ వాడేవాళ్లు పారోక్సెటిన్ వాడకూడదు. అది టామోక్సిఫెన్ పనిని అడ్డుకుంటుంది. మొదలుపెట్టిన మందును ఒక్కసారిగా ఆపకూడదు. వాడుతున్న మాత్రల అట్టలన్నీ సంచిలో వేసుకెళ్లి డాక్టరుకు చూపించండి.

ఫెజోలినెటాంట్ అనే కొత్త మందుకు 2023లో అమెరికా అనుమతి ఇచ్చింది. అది మెదడులోని ఆ కాపలాదారు మీదే పని చేస్తుంది. దాని వల్ల కొందరికి కాలేయం దెబ్బతినవచ్చని 2024లో హెచ్చరిక వచ్చింది. దాన్ని వాడేవాళ్లు రక్తపరీక్ష చేయించుకుంటూ ఉండాలి.

ఇవి ఆవిర్లు కాకపోవచ్చు

ప్రతి చెమటా ఆవిరి కాదు. ఈ గుర్తులు ఉంటే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లండి.

రాత్రి చెమటలతో పాటు సాయంత్రం జ్వరం, రెండు వారాలు దాటిన దగ్గు, బరువు తగ్గడం ఉంటే అది క్షయ కావచ్చు. ప్రభుత్వ ఆసుపత్రిలో పరీక్ష, మందులు ఉచితం.

చేతులు వణకడం, గుండె ఎప్పుడూ దడగా ఉండడం, తిన్నా చిక్కిపోవడం ఉంటే థైరాయిడ్ పరీక్ష చేయించాలి.

షుగరు మందు వాడేవాళ్లకు ఆకలి, వణుకు, చల్లటి చెమట కలిసి వస్తే షుగరు పడిపోయి ఉండవచ్చు. వెంటనే చక్కెర నీళ్లు తాగాలి.

గుండెలో నొక్కినట్టు నొప్పి, చెమట, ఆయాసం ఉంటే వెంటనే 108కి ఫోను చేయండి.

రోహిణి కార్తె ఎండల్లో పని చేసేటప్పుడు మరింత జాగ్రత్త. ఆవిరి నాలుగైదు నిమిషాల్లో పోతుంది. వడదెబ్బ పోదు. ఒళ్లు కాలుతూ, మాట తడబడితే, మనిషి మత్తుగా ఉంటే అది వడదెబ్బ. నీడకు చేర్చి, నీళ్లతో ఒళ్లు తడిపి ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

అన్నిటికన్నా ముఖ్యం ఇది. 12 నెలలు ముట్టు ఆగిన తర్వాత మళ్లీ ఒక్క చుక్క రక్తం కనిపించినా డాక్టరుకు చూపించాలి. "మళ్లీ వయసు తిరిగింది" అని నవ్వుకుని ఊరుకోవద్దు. అది చాలాసార్లు చిన్న కారణమే. కొందరిలో క్యాన్సర్ కావచ్చు. ముందే కనిపెడితే నయమవుతుంది.

గర్భసంచి తీస్తే ఆవిర్లు పోవు

ఇప్పుడు పెద్దమ్మ కమ్మల సంగతికి వద్దాం.

2015-16లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లను అడిగారు. దేశం మొత్తంలో నూటికి ముగ్గురికి గర్భసంచి తీసేశారు. తెలంగాణలో నూటికి దాదాపు ఎనిమిది మందికి తీసేశారు. ఆంధ్రప్రదేశ్‌లో నూటికి దాదాపు తొమ్మిది మందికి. దేశంలోనే ఎక్కువ. తెలుగు ఆడవాళ్ల గర్భసంచులే అంత ఎక్కువగా చెడిపోతాయా? ఆలోచించండి.

కొందరికి ఆ ఆపరేషన్ నిజంగా అవసరం. క్యాన్సర్ ఉంటే, మందులకు లొంగని రక్తస్రావం ఉంటే, పెద్ద గడ్డలు ఉంటే అది ప్రాణం కాపాడుతుంది. కాని ఆవిర్లకు అది వైద్యం కానే కాదు. సెగకు మూలం గర్భసంచిలో లేదు. గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే హార్మోను ఒక్కసారిగా పడిపోతుంది. ఆవిర్లు ముందే వస్తాయి. ఇంకా గట్టిగా వస్తాయి. ఎముకలు, గుండె కూడా దెబ్బతినవచ్చు. 45 ఏళ్ల లోపు రెండు అండాశయాలూ తీయించుకున్నవాళ్లు డాక్టరును హార్మోను మందు గురించి తప్పక అడగాలి. వాళ్లకు దాని వల్ల మేలు ఎక్కువ ఉండవచ్చు.

అనవసరంగా గర్భసంచులు తీయకుండా చూడడానికి కేంద్ర ప్రభుత్వం 2022లో నియమాలు చేసింది. వాటిని రాష్ట్రాలన్నీ అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి అడిగే హక్కు మీకుంది. "ఎందుకు తీయాలి? మందులతో నయం కాదా? అండాశయాలు ఉంచుతారా?" ఈ మూడు ప్రశ్నలు కాగితం మీద రాసుకుని వెళ్లండి. ఇంకో డాక్టరును కూడా అడగండి. జవాబు వినకుండా వేలిముద్ర వేయవద్దు, సంతకం చేయవద్దు.

పెద్దమ్మ నోటుపుస్తకం పట్టుకుని ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లింది. కోడలు తోడు వెళ్లింది. డాక్టరమ్మ ఆ గళ్లన్నీ చదివింది. బీపీ చూసింది. రక్తం, షుగరు, థైరాయిడ్ పరీక్షలు చేయించింది. స్కానింగ్ చేయించింది. రక్తం కాస్త తక్కువగా ఉంది. ఐరన్ మాత్రలు ఇచ్చింది. "గర్భసంచి బాగానే ఉంది. ఆపరేషన్ అక్కర్లేదు" అంది.

కమ్మలు చెవులకే ఉన్నాయి.

ఇంట్లోవాళ్లు చేయాల్సింది

ఆవిర్లు వచ్చే మనిషికి ఇంట్లోవాళ్ల ఆసరా కావాలి. పెద్దమ్మ కోడలు పొయ్యి పని కొంత తీసుకుంది. పెద్దమ్మ బయటి పని కొంత చేసింది. కొడుకు వరండాకు దోమతెర కట్టాడు. భర్త మొదట్లో విసుక్కున్నాడు. కోడలు మామయ్యకు ఆవిర్ల సంగతి నోటితో చెప్పలేకపోయింది. ఆశా కార్యకర్త ఇచ్చిన కాగితం ఆయన కుర్చీ మీద పెట్టింది. ఆయన చదివాడు. మర్నాటి నుంచి రాత్రి తలుపు మూయమని అడగలేదు.

పెద్దమ్మకు ఆవిర్లు పోయాయా? పోలేదు. ఈ ఏడాది కోతల్లోనూ వచ్చాయి. మొన్న ఒక రోజు చేలో సెగ లేచింది. ఆమె సంచీ కింద పెట్టింది. గట్టు మీద కూర్చుంది. తడిగుడ్డతో మెడ తుడుచుకుంది. పక్క సాలులో పిల్ల అడిగింది.

"ఏమైంది పెద్దమ్మా? ఒంట్లో బాలేదా?"

"బానే ఉందే. ఆవిరొచ్చింది. నాలుగు నిమిషాల్లో పోద్ది."

పోయిన ఏడు సిగ్గుతో తల దించుకున్న మనిషి ఈ ఏడు నలుగురూ వినేలా చెప్పింది. అప్పుడు అవతలి సాలులోంచి ఇంకో ఆమె నెమ్మదిగా లేచి నిలబడింది. "నాకూ వస్తున్నాయి వదినా. ఎవరికీ చెప్పలేదు" అంది.

పెద్దమ్మ గట్టు మీద కాస్త జరిగి చోటిచ్చింది. "రా, కూర్చో. రాత్రి బడికి కూడా రా. నోటుపుస్తకం తెచ్చుకో" అంది.

అక్కలారా, ఈ రాత్రి ఇంటికి వెళ్లి మీరూ ఒక పేజీలో నాలుగు గళ్లు గీయండి. మీకు ఆవిర్లు లేకపోతే మీ అత్త కోసం, మీ అమ్మ కోసం గీయండి. వాళ్లు చెబితే మీరు రాయండి.